వదినా, ఇంకా న్యూజెర్సీకి కప్పం కడుతున్నారా?

పొద్దున్నే కాఫీ కలుపుకుని ఫోన్ తీస్తే ఫ్యామిలీ గ్రూపులో మా మరిది మెసేజ్. "ఇన్‌కమ్ ట్యాక్స్ లేని 9 రాష్ట్రాలు" అని ఒక రంగుల మ్యాపు, దాని కింద "వదినా, ఇంకా న్యూజెర్సీకి కప్పం కడుతున్నారా?" అని, పక్కన పడీ పడీ నవ్వే బొమ్మలు. దానికి ఆస్ట్రేలియా నుంచి మా ఆడపడుచు బొటనవేలు, హైదరాబాద్ నుంచి పెదమావయ్యగారి అబ్బాయి చప్పట్లు. ఆయనకి న్యూజెర్సీ ఏ మూలుందో కూడా తెలీదు, అయినా చప్పట్లే. గ్రూపులో జవాబిస్తే "వదిన సీరియస్ అయిపోయింది" అంటారు. అందుకే ఇక్కడ రాస్తున్నా. అతను చదువుతాడని తెలుసు. చదవాలనే.

మా ఇంట్లో ట్యాక్స్ ఫైల్ చేసేది మొదట్నుంచీ నేనే. మా ఆయన సంతకం పెడతారు, రిఫండ్ ఎంతొచ్చిందని అడుగుతారు, అంతవరకే. కాబట్టి వాట్సాప్ మ్యాపు చూసి నేర్చుకోవాల్సిన అవస్థ నాకు లేదు.

అలాస్కా, ఫ్లోరిడా, నెవాడా, న్యూహ్యాంప్‌షైర్, సౌత్ డకోటా, టెనెసీ, టెక్సాస్, వాషింగ్టన్, వయోమింగ్. ఇవీ ఆ తొమ్మిది. వీటిలో రోడ్లు ఎవరు వేస్తున్నారు, స్కూళ్లు ఎవరు నడుపుతున్నారు, పోలీసులకి జీతాలు ఎవరిస్తున్నారు? దేవతలా? టెనెసీలో వంకాయలు కొన్నా రాష్ట్రానికి 4 శాతం సేల్స్ ట్యాక్స్, ఊరి వాటా దాని పైన. వాషింగ్టన్‌లో అయితే షేర్లు అమ్మి పెద్ద లాభం తెచ్చుకున్నవాళ్ల దగ్గర 2022 నుంచి కనీసం 7 శాతం తీసుకుంటున్నారు. దాన్ని ఇన్‌కమ్ ట్యాక్స్ అనకూడదట, ఎక్సైజ్ ట్యాక్స్ అనాలట. 2023లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా సరే అంది. ఫ్లోరిడాలో ఇన్సూరెన్స్ బిల్లు చూసి గుండె పట్టుకున్నవాళ్లు నా ఫ్రెండ్స్ లిస్టులోనే ఉన్నారు, వాళ్లే కింద కామెంట్లలో చెప్తారు.

ఇక టెక్సాస్. మా మరిది ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడి జనం 2019లో ఓటేసి మరీ ఇన్‌కమ్ ట్యాక్స్ వద్దని రాష్ట్ర రాజ్యాంగంలో రాయించుకున్నారు. శుభం. మరి నీ ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు గ్రూపులో పెట్టవేం నాయనా? ఏటా అప్రైజల్ నోటీసు రాగానే అన్నయ్యకి ఫోన్ చేసి "ఇంటి విలువ ఇష్టమొచ్చినట్టు పెంచేశారు, ప్రొటెస్ట్ వెయ్యాలి" అని గంటసేపు గోలపెట్టేది ఎవరు? వడగళ్ల వాన పడితే రూఫ్ పోయిందని, రూఫ్ మారిస్తే ఇన్సూరెన్స్ పెరిగిందని ఏడ్చేది ఎవరు? అన్నదమ్ములు స్పీకర్ పెట్టుకునే మాట్లాడుకుంటారు, నాకు చెవుడు లేదు. 65 దాటితే అక్కడ ప్రాపర్టీ ట్యాక్స్‌లో స్కూల్ వాటా పెరగకుండా ఆపేస్తారు, ఆ మాట నిజమే, మంచిదే. కానీ ఆ వయసు రావడానికి అతనికి ఇంకా చాలా టైముంది. అప్పటిదాకా కట్టేదాన్ని ఏమంటారో, దక్షిణ అంటారేమో.

2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చి టెక్సాస్‌లో చాలాచోట్ల కరెంటు పోయినప్పుడు, ఇంట్లో పైపులు గడ్డకట్టి, పిల్లలకి మూడేసి స్వెటర్లు తొడిగి కూర్చోబెట్టినప్పుడు, ఆ మ్యాపు ఎందుకు ఫార్వర్డ్ చెయ్యలేదో!

న్యూజెర్సీ స్వర్గం అని నేను అనడంలేదు. 2024లో ఇక్కడి సగటు ప్రాపర్టీ ట్యాక్స్ 10,000 డాలర్లు దాటింది. మాది సగటు కంటే ఎక్కువే. పిల్లల చదువులు ఎప్పుడో అయిపోయాయి, ఇంకా ఆ స్కూళ్లకే కడుతున్నాం. దాని గురించి నేను తిట్టినన్ని తిట్లు మా మరిది జన్మలో తిట్టలేడు. కానీ మా రాష్ట్రాన్ని తిట్టుకుంటే మేం తిట్టుకోవాలి, ఫ్రిస్కో నుంచి ఎవరో నవ్వే బొమ్మలు పంపడమేంటి?

పైగా అతను ఎగతాళి చేసింది ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి. రిటైరైన మొగుడూపెళ్లాలకి న్యూజెర్సీలో ఇన్‌కమ్ ట్యాక్స్ ఎంతో అతనికి తెలుసా? ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సోషల్ సెక్యూరిటీ పెన్షన్ మీద సున్నా. 62 దాటి, ఇద్దరికీ కలిపి మొత్తం ఆదాయం 100,000 డాలర్ల లోపుంటే పెన్షన్ మీదా, జీతంలోంచి రిటైర్మెంట్‌కని దాచుకున్న 401కే లోంచి తీసుకున్న డబ్బు మీదా కూడా సున్నా. మామూలు ఏడాదిలో మేం కట్టే కప్పం అదీ. గుండు సున్నా. బట్టల మీద సేల్స్ ట్యాక్స్ కూడా లేదిక్కడ. ఓక్ ట్రీ రోడ్డులో పట్టుచీర కొంటే బిల్లు మీద చీర ధరే ఉంటుంది. మా తోడికోడలు డాలస్‌లో అదే చీరకి 8.25 శాతం కట్టి, నాకు ఫొటో పంపి, "అక్కా, రేటు చాలా రీజనబుల్" అంది. నేనేమీ అనలేదు. ఇంకోటి చెప్పడం మర్చిపోయా, 1949 నుంచీ ఇక్కడ కారులో గ్యాస్, అంటే పెట్రోలు, మనం కొట్టుకోకూడదని చట్టం. జనవరి చలిలో కారు అద్దం ఓ అంగుళం దించి కార్డు అందిస్తే చాలు. ఆ సుఖానికి విలువ కట్టే మ్యాపు ఎవరైనా గీస్తే పంపండి.

నేను ఆ మాత్రం గొణిగానో లేదో, మా ఆయనకి రెండో మెసేజ్ వచ్చింది, గ్రూపులో కాదు, విడిగా. "అన్నయ్యా, ఎలాగూ ఆర్‌వీ కొని తిరుగుదామనుకుంటున్నారుగా, సౌత్ డకోటా రెసిడెన్సీ తీసుకో, ఒక్క రాత్రి పడుకుంటే చాలు" అని. ఈయన ముఖం వెలిగిపోయింది. ఇప్పటికే రోజంతా ఆర్‌వీ, అంటే వంటిల్లూ పడకా అన్నీ ఉండే బండి, వాటి వీడియోలు చూస్తూ, సెప్టిక్ ట్యాంకు గొట్టాల గురించి భోజనాల దగ్గర మాట్లాడుతున్నారు. దానికి ఇదొకటి తోడైంది.

ఆ పద్ధతి ఉన్నమాట నిజమే. ఇల్లూవాకిలీ అమ్మేసి బండిలోనే బతికేవాళ్లు ఒక మెయిల్ ఫార్వర్డింగ్ అడ్రసు తీసుకుని, సౌత్ డకోటాలో హోటల్లోనో క్యాంప్‌గ్రౌండ్‌లోనో ఒక రాత్రి ఉన్న రసీదు చూపిస్తే డ్రైవింగ్ లైసెన్సు ఇస్తారు. టెక్సాస్‌లో లివింగ్‌స్టన్ అనే చిన్న ఊళ్లో కూడా ఇలాంటి అడ్రసులతో వేలమంది ఉన్నారు. వాళ్లకి సబబే, వాళ్లకి వేరే ఇల్లు లేదు. మనం ఏం చేస్తాం? ఇల్లు ఇక్కడ, డాక్టర్లు ఇక్కడ, అమ్మాయీ మనవడూ పక్క ఊళ్లో, దేవుడి గది ఇక్కడ, ఆవకాయ జాడీలు బేస్‌మెంట్‌లో. లైసెన్సు మాత్రం సౌత్ డకోటాలోని సూఫాల్స్‌ది. న్యూజెర్సీ వాళ్లు అంత అమాయకులా? కొత్తచోట నిజంగా స్థిరపడేదాకా పాతచోటే నీ సొంత రాష్ట్రం అంటారు. ఆరునెలలు రాజమండ్రిలో ఉన్నా, ఆరునెలలు ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లని చూస్తూ ఉన్నా అంతే. వేరేచోట స్థిరపడ్డానని నిరూపించుకున్నా సరే, ఇక్కడ ఇల్లు అట్టేపెట్టుకుని 183 రోజులు దాటి ఉంటే మళ్లీ వాళ్ల లెక్కలోకే. న్యూయార్క్ ఆడిటర్లయితే ఫోన్ రికార్డులు, క్రెడిట్ కార్డు బిల్లులు తిరగేస్తారు, పెంపుడు కుక్క ఏ ఇంట్లో ఉందో కూడా అడుగుతారు. ఆ సౌత్ డకోటా వాళ్లకి కూడా విసుగొచ్చినట్టుంది, ఓటు కావాలంటే 30 రోజులు ఉండి తీరాలని 2023లో చట్టం చేశారు.

మెడికేర్, అదే 65 దాటినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, దాని సంగతి ఆ వీడియోల్లో ఒక్కడూ చెప్పడు. అందులో ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్ తీసుకున్నవాళ్లు ఆ ప్లాన్ ఏరియా దాటి ఆరు నెలలకి మించి బయట ఉంటే మామూలుగా పేరు తీసేస్తారు. ఇండియాలో జబ్బుచేస్తే మామూలు మెడికేర్ పైసా ఇవ్వదు. మా ఆయనకి షుగర్, బీపీ, మొన్ననే ఒక స్టెంటు. ఈయన వయోమింగ్ కొండల్లో ఆర్‌వీ నడుపుతారట, పక్కన నేను మ్యాపు పట్టుకుని కూర్చుని జీపీఎస్ సిగ్నల్ కోసం విష్ణుసహస్రనామం చదవాలట.

నిజంగా రిటైరైనవాళ్లకి పనికొచ్చే రాష్ట్రం ఏదైనా ఉందంటే డెలవేర్ నది దాటగానే ఉన్న పెన్సిల్వేనియా. రిటైర్మెంట్ వయసు వచ్చాక పెన్షన్, 401కే, సోషల్ సెక్యూరిటీ, దేనిమీదా అక్కడ రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. ఇల్లినాయ్‌లో కూడా అంతే. కానీ ఆ మ్యాపులో ఇవి కనపడవు, ఎందుకంటే జీతాల మీద ట్యాక్స్ ఉంది కదా. పెన్సిల్వేనియాలో మనం పోయాక పిల్లలకి వెళ్లేదాంట్లో 4.5 శాతం పట్టుకుంటారు, అదొక్కటే నాకు నచ్చలేదు. ఈ ముక్క నేను రెండేళ్ల కిందట చెప్తే మా మరిది ఏమన్నాడు? "పెన్సిల్వేనియానా? అక్కడ మనవాళ్లు ఎవరున్నారు వదినా?" ఎగ్జ్‌టన్‌లో ఒకసారి బతుకమ్మకి వచ్చి చూడు, ఎవరున్నారో.

రెండేళ్ల కిందట అంటే గుర్తొచ్చింది. అసలు నా మంట అదే.

రాజమండ్రిలో మావయ్యగారి ఇల్లు. అన్నదమ్ములిద్దరి పేరు మీదా ఉంది. ఆ ఏడాది మా అమ్మాయి పెళ్లికని మేం 401కే లోంచి పెద్ద మొత్తం తీసేశాం. "ఒక్క జనవరి దాకా ఆగు బాబూ, ఇల్లు ఈ ఏడాది అమ్మితే మాకు దెబ్బ పడుతుంది" అని నేను స్వయంగా ఫోన్ చేసి చెప్పాను. ఎందుకంటే న్యూజెర్సీలో మొత్తం ఆదాయం 150,000 దాటిందంటే ఆ పెన్షన్ మినహాయింపు మొత్తం ఎగిరిపోతుంది, కొంచెం కూడా మిగలదు. ఇండియాలో ఇల్లు అమ్మిన లాభం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అక్కడ కట్టిన ట్యాక్స్‌ని ఫెడరల్ వాళ్లు తగ్గించి చూస్తారు, న్యూజెర్సీ మాత్రం వేరే దేశంలో కట్టినదానికి క్రెడిట్ ఇవ్వదు. ఇదంతా వివరంగా, మర్యాదగా చెప్పాను. విన్నాడు. "అలాగే వదినా" అన్నాడు. దసరా వెళ్లిన వారానికి కొనేవాణ్ణి పట్టుకుని అడ్వాన్సు తీసేసుకున్నాడు. ఎందుకట? స్విమ్మింగ్ పూల్ కాంట్రాక్టరు డిస్కౌంటు ఆ నెలాఖరు దాకానేనట. మా ఆయన "పోనీలే, తమ్ముడు కదా" అని పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టేశారు.

ఏప్రిల్‌లో రిటర్న్ వేసింది నేను. లాభం మీదా, సున్నా పడాల్సిన 401కే డబ్బు మీదా, రెంటి మీదా న్యూజెర్సీకి కట్టాం. అది చెప్తే అతని జవాబు ఏంటో తెలుసా? "చూశారా వదినా, టెక్సాస్‌లో ఉంటే ఈ గొడవే లేదు." పూల్ పక్కన నిలబడి అన్నాడు ఆ మాట, వీడియో కాల్‌లో వెనకాల నీళ్లు కనబడుతున్నాయి.

అత్తయ్యగారు అమెరికా వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లోనే ఉన్నారు. ఫ్రిస్కోలో అయిదు బెడ్రూములు, పైన మీడియా రూము, కానీ "ఇల్లు ఇంకా సెట్ అవ్వలేదు వదినా." ఆవిడ బాత్రూములో జారి తుంటి ఎముక విరిగినప్పుడు విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లు పాత జబ్బు కింద కొట్టేస్తే, ఆ బిల్లు వాయిదాల్లో కట్టింది మేం. ఫ్రిస్కో నుంచి పళ్ల బుట్ట ఒకటి వచ్చింది, పుచ్చకాయని పువ్వులా కోసి, మధ్యలో "గెట్ వెల్ సూన్ అమ్మా" అని కార్డు. ఆవిడకి షుగరు. అమ్మ విషయంలో కూడా అతనిది నో ట్యాక్స్ స్టేటే.

ఇప్పుడు మా ఆయన నా వెనకాల నిలబడి "ఇవన్నీ రాయడం అవసరమా" అంటున్నారు. కప్పం అన్న మాట అవసరమా అని తమ్ముణ్ణి అడిగారా? అడగలేదు. పైగా ఆ మెసేజ్‌కి ఈయనే ఒక నవ్వు బొమ్మ పెట్టారు, ఇప్పుడే చూశా.

సరే, మరిదిగారూ. మీ మ్యాపు బాగుంది. రాజమండ్రి ఇంటికి చార్టర్డ్ అకౌంటెంట్ ఫీజు, లాయర్ ఫీజు, స్టాంపు పేపర్లు, అన్నీ మేమే కట్టాం, సగం పంపుతానన్నావు. రెండేళ్లయింది. ఫోన్లో జెల్ యాప్‌లో పంపెయ్యి. దానిమీద టెక్సాస్‌లో ట్యాక్స్ లేదు, న్యూజెర్సీలోనూ లేదు.