సవరణ: బరువు ఒక్కటే చూస్తే చాలదు

క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి పేగు వాపు జబ్బులున్న పిల్లల గురించి రాస్తూ, బరువు వయసుకు తగ్గట్టుంటే పోషకాహార లోపం భయం లేదన్నాను. అది తప్పు. ఆ మాట నమ్మి ఎవరైనా చెకప్ వాయిదా వేసుకుని ఉంటే, క్షమించండి, ఇక ఆగకండి.

స్టెరాయిడ్లు వాడే పిల్లలకు ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఒంట్లో నీరు చేరుతుంది. తూకంలో బరువు పెరిగినట్టే ఉంటుంది, లోపల కండ తగ్గుతూ ఉండొచ్చు. క్రోన్స్‌లోనైతే కడుపునొప్పి, విరేచనాలు మొదలవకముందే ఎదుగుదల మందగించవచ్చు. ఎత్తు కోసం గోడ మీద గీసిన పెన్సిల్ గీత నెలల తరబడి కదలకపోతే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

పిల్లల్లో పోషకాహార లోపం రిస్క్‌ను అంచనా వేసే స్ట్రాంగ్‌కిడ్స్ అనే స్క్రీనింగ్‌లో ఈ జబ్బు ఉన్నందుకే 5కి 2 పాయింట్లు పడతాయి, అంటే మధ్యస్థ రిస్క్ నుంచే లెక్క మొదలు. లోపం నిజంగా ఉందో లేదో తేల్చేది మాత్రం డైటీషియన్ చేసే పూర్తి పరీక్షే.