అద్దం మార్చాం, కన్ను సంగతి దేవుడెరుగు

కారు ముందద్దం పగిలి సర్వీసు సెంటరుకి వెళ్తే బిల్లులో ఏమేం ఉంటాయో మీకూ తెలుసు. అద్దం, గమ్ము, బీడింగు, లేబరు, మీరు అడగని టెఫ్లాన్ కోటింగు, ఏసీ వాసన పోగొట్టే స్ప్రే. ఆ అద్దం వెనక నుంచి రోడ్డుని చూసే కెమెరాకి క్యాలిబ్రేషన్, అంటే చూపు కొలిచి సరిచేసే పని, చేశారా అని అడిగి చూడండి. అడ్వైజరు మీ వంక జాలిగా చూస్తాడు. "డ్యాష్‌బోర్డులో లైటేం రావట్లేదు కదా సార్?"

ఆహా, లైటు రాకపోవడమే ఆరోగ్యం! బీపీ మిషను కొనకపోతే బీపీ లేనట్టే.

కొనేటప్పుడు "మీరు చూడకపోయినా కారే చూసి బ్రేకేస్తుంది సార్" అని టాప్ మోడల్ అంటగట్టింది ఈ బాపతు జనమే. ఆ చూపు ఒక్క డిగ్రీ పక్కకి జరిగితే వంద మీటర్ల దూరంలో 1.75 మీటర్ల తేడా. మన హైవే లేను వెడల్పు 3.5 మీటర్లు. అంటే సగం లేను గల్లంతు. సరిచేయడానికి చదునైన నేల, సరైన వెలుతురు, కొలత ప్రకారం నిలబెట్టిన గళ్ళ బోర్డు కావాలి. బోర్డు ఉంటుంది లెండి, మెకానిక్కుల యూనిఫారాలు ఆరేసుకోవడానికి.

"రోడ్డు మీద తిరిగితే అదే సెట్టవుతుంది సార్." అలా సెట్టయ్యే రకమూ ఉంది, కాదనను. కాకపోతే చాలా కార్లలో కారు కంప్యూటరుకి స్కానరు తగిలించి క్యాలిబ్రేషన్ మొదలుపెట్టాలి, గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద నిలకడగా నడపాలి. హైదరాబాదులో ఆ గీత కోసం బయల్దేరిన కుర్రాణ్ణి ఊహించుకోండి. ఒళ్ళో ట్యాబు. గీత కనిపించింది, దాని మీద ఆటో ఆగి ఉంది. ఆటో దాటితే కేబులు కోసం తవ్వి పూడ్చిన కంకర, కంకర దాటితే పాత గీత చెరపకుండా పక్కనే వేసిన కొత్త గీత, ఏది నమ్మాలో తేల్చుకునేలోపు రెండింటి మధ్య నుంచి రాంగ్ రూట్లో గ్యాసు బండల బండి, దాని వెనకే పెళ్ళి ఊరేగింపు, బ్యాండుతో సహా. చివరికి ఊరి చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గానీ పని అవ్వదు. టోలు ఎవరు కడతారని అక్కడో గొడవ.

బంపరు కథ ఇంకోటి. వెనక బంపరు మూలల్లో, వెనక నుంచి వచ్చే బండ్లని కనిపెట్టే రాడార్లు ఉంటాయన్న స్పృహే లేకుండా పుట్టీ దట్టించి, పైన పెయింటు కొట్టి, తళతళలాడించి ఇస్తారు. ఫొటోకి బాగుంటుంది, రాడారు చూపుకే అడ్డం.

నవ్వింది చాలు. ఈ నిర్లక్ష్యానికి బలయ్యేది కారులో ఎయిర్‌బ్యాగుల మధ్య కూర్చున్నవాడు కాదురా నాయనా! నైట్ డ్యూటీ దిగి స్కూటీ మీద ఇంటికెళ్తున్న మనిషి. బ్రేకు అదే పడుతుందని కారులో ఉన్నవాడు నమ్ముతాడు, కెమెరా పక్క లేను చూస్తుంటుంది. టెఫ్లాన్‌కి బిల్లు కొట్టే చేతికి క్యాలిబ్రేషన్ రిపోర్టు ఒక్క పేజీ ప్రింటు తీయడానికి ఏం రోగం? చేయడం రాకపోతే రాదని చెప్పండి, కారే చూసి బ్రేకేసే ఆ బటన్లు ఆపేసి నడుపుకుంటాం.

రిపోర్టు అడిగితే మాత్రం రాదు. ఫోను వస్తుంది. "సర్వీసు ఎలా ఉంది సార్? పదికి పది ఇవ్వండి సార్, తొమ్మిదిస్తే మాకు కటింగు పడుతుంది."