‘మరి?’ గారికి విన్నపం

మహారాజశ్రీ ‘మరి?’ గారి దివ్యసముఖానికి,

నిన్న మధ్యాహ్నం సైన్సు కోర్సు ప్రవేశాల ఇంటర్వ్యూలో తమ చేతుల్లో చిత్తుగా ఓడి ఇల్లు చేరిన అభ్యర్థి నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. క్షమించాలి, ఆ మాట అలవాటుగా వచ్చేసింది. తమరు కుశలంగానే ఉండి ఉంటారు. ఈ వైపు కుశలం లేదు.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. నిన్న ఒక్క పూటలోనే ఎంతమంది మీ వాత పడ్డారో! ఆనవాలు చెబుతాను. ఎవరూ అడగకముందే ఆర్కిమిడీస్ పేరు మూడుసార్లు తలచింది నేనే. గదిలో ఉన్న సాక్ష్యాన్ని తాగేసింది కూడా నేనే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

బయట మీరెంత మెత్తనివారో తెలుగు వచ్చినవాళ్లందరికీ తెలుసు. ‘వెళ్లొస్తాను మరి’ అంటే గడప దాటడానికి మనసొప్పని ఆత్మీయత. ‘అంతే మరి’ అంటే భుజం మీద చెయ్యి. ‘చెప్పు మరి’ అంటే చనువు. వ్యాకరణంలో మిమ్మల్ని అవ్యయాల్లో వేశారు కదా, లింగమూ వచనమూ విభక్తీ పట్టని సాధుప్రాణి అనుకున్నాను. దీర్ఘం తీస్తేనే కదా ‘మరీ’ అవుతారు! నిన్న ఏ దీర్ఘమూ లేకుండానే మరీ అయ్యారు.

రెండు నెలలు సిద్ధమయ్యాను నేను. ‘ఈ శాస్త్రమే ఎందుకు ఎంచుకున్నారు?’ అని అడిగితే నాలుగు నిమిషాల జవాబు నోటికి వచ్చు. అందులో చిన్నప్పుడు గోడగడియారం విప్పి చూసిన ఘట్టం ఉంది (విప్పిన మాట నిజమే, తిరిగి బిగించింది మాత్రం పక్కింటాయన). నచ్చిన శాస్త్రవేత్త ఎవరంటే ఒక పేరు, ఆ పేరు వాళ్లకు నచ్చకపోతే ఇంకో పేరు దగ్గర పెట్టుకున్నాను. ఇవేవీ అడగలేదు. బల్లకు అవతల ముగ్గురు. ఒకాయన కిటికీలోంచి చూస్తున్నారు. ఒకాయన రాసుకుంటున్నారు, అదీ నేను నోరు మూసుకున్నప్పుడే ఎక్కువగా. నడుమ కూర్చున్న ప్రొఫెసర్ గారు కళ్లజోడు తుడుచుకుంటూ, ‘గ్లాసులో నీళ్లున్నాయి. పైన మంచుముక్క తేలుతోంది. అది కరిగితే నీటిమట్టం ఏమవుతుంది?’ అన్నారు.

నవ్వొచ్చింది. ఇందుకా ఇంత దూరం వచ్చాను అనుకున్నాను. ‘మారదు మేడమ్. తేలే మంచు తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోస్తుంది, కరిగాక సరిగ్గా ఆ చోటునే నింపుతుంది’ అన్నాను. ‘బాగుంది’ అన్నారామె. అప్పుడే లేచి దణ్ణం పెట్టి వచ్చేయాల్సింది.

‘మరి, ఆ మంచులో ఒక ఇనుప మేకు ఇరుక్కుని ఉంటే?’

ఇక్కడే మొదటిసారి తమ దర్శనం. కంగారు పడలేదు. మంచు మోస్తున్నంతసేపూ మేకు తన బరువంత నీటిని తోస్తుంది, అడుగుకు చేరాక తన పరిమాణమంత మాత్రమే తోస్తుంది కనుక మట్టం తగ్గుతుందన్నాను. బోర్డు మీద బొమ్మ గీసి చూపించబోతే మార్కర్ ఎండిపోయి ఉంది. గాలిలో గీశాను. అయినా నా మీద నాకే ముచ్చటేసింది.

‘మరి, గ్లాసు బదులు సముద్రం, ముక్క బదులు మంచుకొండ అయితే?’

‘సూత్రం అదే మేడమ్’ అన్నాను. పరిమాణం పెరిగినంత మాత్రాన ఆర్కిమిడీస్ మాట తప్పడన్నాను. ఎంత ధీమా! మట్టం ఒక్క వెంట్రుకవాసి కూడా మారదని తేల్చేశాను.

‘మరి?’

అంతే. కర్త లేదు, కర్మ లేదు, క్రియ లేదు. ఒట్టి మీరు. ముందు వాక్యానికి కొనసాగింపో, కొత్త ప్రశ్నో, ‘అయ్యో పాపం’ అనడమో తెలియలేదు. గోడగడియారం ముల్లు చప్పుడు వినిపించింది. (గడియారాలు నా మీద పగబట్టాయి, అది వేరే సంగతి.) రాసుకునే ఆయన రాసుకున్నారు. నాలుక పిడచకట్టుకుపోయింది. బల్ల మీద నా కోసమే పెట్టిన గ్లాసు కనిపిస్తే ఎత్తి సగం తాగేసి కింద పెట్టాను. నీటిమట్టం తగ్గింది. ఆ పూట ఆ గదిలో నేను ప్రయోగం చేసి నిరూపించింది అదొక్కటే.

జవాబు నాకు వచ్చింది. తిరుగు బస్సు ఎక్కి మూడో మలుపు తిరిగాక వచ్చింది. సముద్రం ఉప్పన కదా! మంచుకొండ మంచినీరు కదా! చేతులు కాలాక ఆకుల కోసం వెతికేవాళ్లను చూసి ఇన్నాళ్లూ నవ్వాను. నేనైతే బస్సు టిక్కెట్టు వెనక లెక్క వేసుకున్నాను. సముద్రపు నీరు లీటరుకు దాదాపు 1,025 గ్రాములు తూగుతుంది. కిలో మంచు తేలాలంటే కిలో సముద్రపు నీటిని తోస్తే చాలు, అంటే సుమారు 976 మిల్లీలీటర్లు. కరిగితే మాత్రం లీటరు మంచినీరు. తేడా 24 మిల్లీలీటర్లు. మట్టం పెరుగుతుంది. కొద్దిగానే కానీ పెరుగుతుంది.

24 మిల్లీలీటర్లు! దగ్గుమందు మూతతో కొలిస్తే రెండు మూతలు, ఇంకాస్త. రెండు నెలల నా కష్టం మునగడానికి ఆ లోతు సరిపోయింది. నిన్న రాత్రి పళ్లు తోముకుంటూ పుక్కిలించిన నీళ్లు అంతకంటే ఎక్కువే ఉంటాయి. పొద్దున కళ్లలో చుక్కల మందు వేసుకుంటూ కూడా ఇంకెన్ని చుక్కలైతే 24 అవుతుందో లెక్కపెట్టాను. ‘ఉప్పు’ అన్న రెండక్షరాల మాట అడ్డుకుందండీ నన్ను. రెండక్షరాల మీరు దాన్ని గుర్తు చేయబోతే అర్థం చేసుకోలేకపోయాను.

ఓదార్చేవాళ్లు వచ్చారు. అందరిదీ ఒకే పాట: ‘ఐన్‌స్టీన్ కూడా ప్రవేశ పరీక్ష తప్పాడు.’ తప్పాడు, కాదనను. 1895లో, జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో. అప్పటికి పదహారేళ్లు, అక్కడ చేరాల్సిన వయసు కంటే రెండేళ్లు చిన్న. లెక్కల్లోనూ భౌతికశాస్త్రంలోనూ బాగానే రాశాడు, బోల్తా పడింది ఫ్రెంచి వగైరాల్లో. ఆరావ్ అనే స్విస్ ఊళ్లో ఒక ఏడాది బడికి వెళ్లి 1896లో చేరిపోయాడు. నేను బోల్తా పడింది ఫ్రెంచిలో కాదు, నీళ్లలో. ఫ్రెంచి గణితవేత్త గల్వా పారిస్ పాలిటెక్నిక్ పరీక్షలో రెండోసారి కూడా తప్పి, పరీక్షకుడి ముఖం మీదికి డస్టర్ విసిరాడని ఒక కథ చెబుతారు. అది 1829. నా చేతిలో ఎండిపోయిన మార్కర్ ఉంది. విసరాలన్న బుద్ధి కూడా బస్సెక్కాకే పుట్టింది.

సరే, మీరు కాదంటే నాకు వేరే విశ్వవిద్యాలయం లేదా? ఉంది. వాళ్లకు దరఖాస్తు పంపిన 11 నిమిషాలకు ‘అభినందనలు!’ అని జవాబొచ్చింది. నా మార్కుల పట్టిక విప్పి చూడటానికైనా ఆ సమయం చాలదు. వాళ్ల బ్రోచర్ తెరిచాను. తెల్లకోటు వేసుకున్న విద్యార్థిని ఒకామె, నీలం ద్రవం ఉన్న శాంకవ కుప్పెను కళ్లకు ఎదురుగా ఎత్తి పట్టుకుని మైమరచి చూస్తోంది. రక్షణ కళ్లద్దాలు లేవు. ఇంకో మూడు విశ్వవిద్యాలయాల బ్రోచర్లు తెరిస్తే వాటిలోనూ ఆ నీలం ద్రవమే. ప్రపంచంలో సైన్సంతా కలిపి అదొక్క కుప్పెడేనా?

ఎక్కడ చేరాలో తేల్చుకోవడానికి శాస్త్రీయంగా పట్టిక గీశాను. ల్యాబ్‌కు ఇన్ని మార్కులు, గ్రంథాలయానికి ఇన్ని, ర్యాంకుకు ఇన్ని. మొత్తం కూడితే నాకు ఇష్టం లేనిది మొదటికొచ్చింది. మార్కుల పంపకం మార్చాను. రెండోది వచ్చింది. మళ్లీ మార్చాను. ఇదేదో మోసం అనుకునేరు, ప్రపంచ ర్యాంకుల కార్ఖానా నడిచేదీ ఇలాగే. 2003లో మొదలైన షాంఘై జాబితాలో నూటికి 30 పాళ్లు నోబెల్ బహుమతులకూ, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ పతకాలకూ పోతాయి: 10 అక్కడ చదివి వెళ్లినవారి పేర, 20 అక్కడ పనిచేస్తుండగా గెలిచినవారి పేర. ఆ గెలిచినాయన మొదటి ఏడాది పిల్లల గది ఎటువైపుందో ఎరుగునా అన్న దానికి పాలు లేదు. క్యూఎస్ అనే ఇంకో ర్యాంకుల సంస్థ జాబితాలో, పండితులను అడిగి తెలుసుకునే పరువుకు ఒకప్పుడు 40 పాళ్లుండేవి, 2024 జాబితా నుంచి 30 చేశారు. రాత్రికి రాత్రి ఏ ల్యాబ్‌లోనూ ఒక్క తాళం కూడా మారకుండా ర్యాంకులు మారగలవన్నమాట. నా పట్టికను ఎగతాళి చేసినవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

నాకు కావాల్సినవి ఆ జాబితాల్లో లేవు. అందుకే 11 నిమిషాల వారికే ఉత్తరం రాశాను. మొదటి ఏడాది పాఠం చెప్పేదెవరు? ల్యాబ్‌లో వారానికి ఎన్ని గంటలు, పరికరాన్ని మేము ముట్టుకోవచ్చా, లేక ఒకరు చేస్తుంటే ముప్పైమందిమి తొంగిచూడాలా? భౌతికశాస్త్రంలో చేరి ఏడాది తర్వాత రసాయనశాస్త్రానికి మారాలనిపిస్తే కుదురుతుందా? మూడు ప్రశ్నలు. జవాబు ఈసారి ఇంకా త్వరగా వచ్చింది. ‘అభినందనలు!’ ఆ ఉత్తరం అడుగు దాకా చదివాను. ఒక్క ప్రశ్నార్థకం లేదు.

ఇక వాళ్ల సీటుకు ఒప్పుకోవడానికి గడువు ఎల్లుండి. మీ ఫలితం మూడు వారాల తర్వాత. ఎల్లుండి ‘సరే’ అంటే డబ్బు కట్టాలి, తర్వాత మీరు పిలిస్తే ఆ డబ్బు గోవిందా. ‘వద్దు’ అంటే, మీరు పిలవకపోతే ఏడాది గోవిందా. ఇక మర్యాద నావల్ల కాదు. నువ్వు, అవును నువ్వే, పదిహేడేళ్ల పిల్లల్ని కూర్చోబెట్టి సముద్రాల మట్టం లెక్కగట్టమంటావే, రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి చూడటం మీ పెద్దవాళ్లలో ఒక్కరికీ రాదా? ఎవరికి వారే తమ తేదీలు వేసుకుంటారు, మధ్యలో నలిగేది దరఖాస్తు పెట్టినవాడు. కాళ్లు పట్టుకుని అడిగినా గడువు వారం పెంచరు. పైగా దానికి ‘నిర్ణయం తీసుకునే సామర్థ్యం’ అని పేరొకటి. సిగ్గుండాలి.

కోపంతో నిద్ర పట్టక రాత్రి ఒక పిచ్చిపని చేశాను. రెండు గ్లాసులు తీశాను. ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో కరిగినంత ఉప్పు కలిపిన నీళ్లు. రెండింట్లోనూ ఒకే సైజు మంచుముక్కలు వేసి, మట్టం దగ్గర కాగితం ముక్క అంటించి పెన్నుతో గీత గీశాను. 24 మిల్లీలీటర్లను నా కళ్లతో చూడాలి, అంతే. సముద్రంలో లేనంత ఉప్పు వేస్తే తేడా కూడా పెద్దదే అవుతుంది కదా.

మంచినీళ్ల గ్లాసులో ముక్క కరిగిపోయింది. గీత గీసిన చోటే ఉంది. రెండో గ్లాసులో నీళ్లు గీత దాటి పైకి వచ్చాయి. కనిపించేంత పైకి. కడుపు రగిలింది. అంత తేలికగా కనిపించే సంగతి!

కానీ రెండో గ్లాసులో ముక్క ఇంకా పూర్తిగా కరగలేదు. ఉప్పు వేస్తే మంచు త్వరగా కరగాలి కదా? ఎన్నిసార్లు విన్నాం ఆ మాట! అదే గది, అదే సైజు ముక్క, ఉప్పునీళ్లలో ఇంకా తాపీగా తేలుతోంది. గ్లాసు మీదికి వంగి, ఎవరూ లేని వంటగదిలో, రాత్రి ఒంటిగంటకు, పైకే అన్నాను:

‘మరి?’

నా నోటితో నేనే అన్నాను. విన్నావా? సిగ్గనిపించింది. అయినా మళ్లీ రెండు ముక్కలు వేసి, ఈసారి ఒక్కో ముక్క మీద ఒక్కో చుక్క నీలిసిరా వేశాను. మంచినీళ్లలో సిరా సన్నని దారంలా అడుగుకు జారింది, వెంటనే ఇంకో దారం, గ్లాసంతా నీలం తిరుగుడు. ఉప్పునీళ్లలో సిరా దిగనే లేదు. పైనే, మంచు చుట్టూ మూతలా పరుచుకుంది. చల్లటి కరిగిన నీరు ఉప్పునీటి కంటే తేలిక, అందుకే కిందికి దిగడం లేదు. దిగకపోతే కింది వెచ్చటి నీరు పైకి రాదు. తన చల్లదనాన్ని తానే దుప్పటిలా కప్పుకుని ముక్క హాయిగా కూర్చుంది.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నీలం ద్రవాన్ని నేనూ కళ్లకు ఎదురుగా ఎత్తి పట్టుకుని చూశాను. ఆ బ్రోచర్ అమ్మాయిని అన్న మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. కళ్లద్దాల సంగతి తప్ప.

ఎల్లుండి గడువును నేను దాటనిస్తానేమోనని భయంగా ఉంది. నన్నేమీ అడగకుండా తీసుకున్న చోట నాలుగేళ్లు కూడా నన్నేమీ అడగరేమోనని అంతకంటే భయంగా ఉంది. ఇదంతా నీ వల్లే. నువ్వు నన్ను పిలుస్తావన్న నమ్మకం నాకు ఏ కోశానా లేదు, గ్లాసు తాగేసినవాణ్ణి ఎవరు పిలుస్తారు? పిలవకపోతే తిట్టడానికి ఇంకో ఉత్తరం సిద్ధంగా ఉంచుతాను.

ఇట్లు,
24 మిల్లీలీటర్లలో మునిగినవాడు

తాజా కలం: సముద్రం గ్లాసులా కదలకుండా కూర్చోదు. అలలుంటాయి, గాలి ఉంటుంది. కలియబెడితే ఆ దుప్పటి నిలుస్తుందా? ఉండు, చెంచా తెస్తాను.