అలిగే హక్కు

విజయనగరంలో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆధార్ కార్డు తేల్చలేదు, పెళ్లి పిలుపు తేలుస్తుంది. పిలిచినా రానివాడు మామూలు చుట్టం. పిలవకపోతే అలిగేవాడు దగ్గరి చుట్టం. పిలిచినా సరే, "వాట్సాప్‌లో కార్డు పడేసి ఊరుకున్నారు, బొట్టు పెట్టి పిలిచారేటి?" అని మూతి ముడిచిందంటే ఇక అనుమానం లేదు, సొంత మేనత్తే.

ఈ సంగతి ఫ్రాన్సులో సమాజశాస్త్రం చదివిన ఒక మేనమామ, మేనల్లుడు ఎప్పుడో పసిగట్టారు. నలుగురూ ఒకచోట చేరి ఒకే పని చేస్తే ఒంటరిగా ఉన్నప్పుడు రాని పూనకం అందరికీ వస్తుందని మామ ఎమిల్ డర్క్‌హైమ్ 1912లో రాశాడు. పాపం, ఆయన మా పైడితల్లమ్మ పండగలో సిరిమాను చూడలేదు. దసరా వెళ్లిన మంగళవారం, మాను చివర కూర్చున్న పూజారి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు గాల్లో తిరుగుతుంటే, అరటిపళ్లు విసిరే ఆ తోపులాటలో, గోడ తగాదా ఉన్న పక్కింటివాడి భుజమే పట్టుకుని మునివేళ్ల మీద లేచి చూస్తాడు మనవాడు. బుధవారం మళ్లీ గోడ గోడే.

అల్లుడు మార్సెల్ మోస్ ఇంకా గట్టివాడు. ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగి ఇవ్వాలి, కానుకకి ఈ మూడూ తప్పవని 1925లో తేల్చేశాడు. మా కల్యాణమండపం గుమ్మంలో పసుపు రాసిన పొడుగాటి పుస్తకం ముందేసుకుని, తలెత్తకుండా "ఇంటిపేరు? ఏ ఊరు?" అని అడిగే పెద్దాయనకి ఇవేవీ చదవకుండానే తెలుసు. అసలు పెళ్లి ఆ రాత్రి మొదలవుతుంది. పెళ్లికూతురి నాన్న కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పుతూ, "వాళ్ల గుంటడి పెళ్లికి మనం 516 చదివించాం. ఇన్నేళ్లయ్యాక మళ్లీ అదే 516 ఏటి?" అని నిట్టూరుస్తాడు. అవతలివాళ్లు 1116 చదివించి ఉంటే ఇంకా టెన్షన్, అది తీర్చాలి కదా!

ఇదంతా దండగ అనేవాళ్లున్నారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో స్థిరపడ్డ మావాళ్ల మీద అక్కడ ఎవరూ అలగరు, హాయిగానే ఉన్నారు. కానీ సంక్రాంతికి శ్రీకాకుళం బస్సు దిగగానే ఎవరో ముసలామె "ఏటి బాబూ, మా గుమ్మం తొక్కకుండా ఎల్లిపోద్దామనే?" అని నడిరోడ్డు మీద నిలదీస్తే, ఆ తిట్లకి వాళ్ల మొహం ఎలా వెలుగుతుందో చూడాలి.

ఇప్పుడు చదివింపుల బల్ల మీదకి క్యూఆర్ కోడ్ కూడా వచ్చింది. స్పీకర్ డబ్బా ఎంత పడిందో మండపమంతా వినేలా అరుస్తుంది. అయినా పుస్తకం పెద్దాయన్ని ఎవరూ లేపలేదు. డబ్బాకి ఇంటిపేర్లు తెలీవు మరి.