డ్రాప్స్ వేరు, సిరప్ వేరు
కడుపునొప్పి, గ్యాస్ మందును వంటింటి చెంచాతో కాకుండా సీసాతో వచ్చిన కొలత కప్పుతోనే పోయాలని ఒక వ్యాసంలో చదివాను. నూటికి నూరు పాళ్లు నిజం. దానికి నేను ఇంకో మాట కలుపుతాను. పేరు ఒకటే అయినా డ్రాప్స్‌లో సాధారణంగా మందు సిరప్‌లో కన్నా ఎక్కువ గాఢంగా ఉంటుంది. మా పాపకు కడుపు ఉబ్బరానికి డాక్టర్ డ్రాప్స్ రాస్తే, ఇంట్లో సిరప్ అనుకుని 5 ఎం.ఎల్. కప్పులో పోసేశారు. తాగించే ముందు లేబుల్ చూశాను కాబట్టి సరిపోయింది, ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడ. సిమెథికోన్ ఒక్కటే ఉన్న మందైతే అంత టెన్షన్ అక్కర్లేదు, అది రక్తంలో కలవదు, గ్యాస్ బుడగల్ని పగలగొట్టి మలంతో బయటికి పోతుంది. కానీ నొప్పి కోసం డైసైక్లోమిన్ కలిపినవీ ఉంటాయి. అది 6 నెలల లోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు, ఊపిరి ఆడకపోవడం, ఫిట్స్ రావడం లాంటి ప్రమాదాలున్నాయి. పెద్దవాళ్లలోనూ గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు, మూత్రం సరిగా రానివాళ్లు డాక్టర్‌ని అడగకుండా తాగొద్దు. అన్నట్టు, సీసా మీద సస్పెన్షన్ (మందు పూర్తిగా కరగకుండా ద్రవంలో కలిసి ఉండే రకం) అని ఉంటే ప్రతిసారీ బాగా కుదపాలి, లేదంటే మందంతా అడుగునే ఉండిపోతుంది. నొప్పితో పాటు ఆగని వాంతులు, మలంలో రక్తం, రాయిలా గట్టిపడిన పొట్ట కనిపిస్తే మాత్రం సీసా పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.