సంగీత పట్టా: అప్పు లెక్క ముందే తేలాలి

సంగీతంలో పట్టా చదువుతానని బిడ్డ అన్నప్పుడు తల్లిదండ్రులు మొదట అడిగేది ‘తర్వాత ఎలా బతుకుతావు?’ అని. ఆ మాట అడిగినంత మాత్రాన వారిని కళ విలువ తెలియనివారని తీసిపారేయడం అన్యాయం. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది పద్దెనిమిదేళ్ల విద్యార్థి కాదు, ఆ విద్యార్థి నుంచి ఫీజు తీసుకునే సంస్థ. చాలా సంస్థలు ఆ బాధ్యతను దాటవేస్తున్నాయన్నది మా అభిప్రాయం.

సంగీత విద్య ఖరీదు కావడానికి సంస్థల దురాశ ఒక్కటే కారణం కాదన్నది ముందుగా ఒప్పుకోవాలి. ఒక అధ్యాపకుడు రెండు వందల మందికి ఒకే గదిలో చరిత్ర పాఠం చెప్పగలడు గాని, వయొలిన్ తీగ మీద వేలు ఎక్కడ తప్పుతోందో, పై స్థాయికి వెళ్లినప్పుడు గొంతు ఎందుకు బిగుసుకుంటోందో అంతమందికీ ఒకేసారి సరిదిద్దలేడు. నలుగురు వాయించవలసిన రచనకు రెండు శతాబ్దాల కిందట ఎందరు మనుషులు, ఎంత సమయం కావలసి వచ్చిందో ఇప్పటికీ అంతే కావాలని, ఇతర రంగాల్లో ఉత్పాదకతతో పాటు జీతాలు పెరుగుతున్నకొద్దీ కళారంగంలో ఖర్చు పెరగక తప్పదని ఆర్థికవేత్తలు విలియం బౌమోల్, విలియం బోవెన్ 1966లోనే వివరించారు. విషాదమేమిటంటే, పాఠాన్ని ప్రియం చేస్తున్న ఈ కారణమే కచేరీల ఖర్చునూ పెంచి, కళాకారులకు ఎక్కువ ఇవ్వలేకుండా నిర్వాహకుల చేతులనూ కట్టేస్తోంది. అంటే చదువు ఖర్చును పెంచే శక్తే ఆ చదువు తెచ్చే రాబడినీ అదుపులో పెడుతోంది. దీనికి తోడు వాద్యం కొనుగోలు, మరమ్మతులు, బీమా, సహకార వాద్యకారులకు ఇచ్చే రుసుము, ఆడిషన్ల కోసం చేసే ప్రయాణాలు సంస్థలు ప్రకటించే ఫీజు పట్టికలో కనిపించవు.

ఇంత ఖర్చుతో కొంటున్నది ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. పాఠశాలలో సంగీత ఉపాధ్యాయ ఉద్యోగానికి, కళాశాలలో బోధనకు పట్టా చాలా దేశాల్లో తప్పనిసరి అర్హత. కచేరీ వేదికకు అది వర్తించదు. పేరున్న ఆర్కెస్ట్రాలు అనేకం తొలి దశ ఆడిషన్లను తెర చాటున జరుపుతాయి. వినేవారికి అభ్యర్థి ముఖమే కనిపించదు, ఇక చదివిన కళాశాల పేరు ఎక్కడ అక్కరకొస్తుంది? అక్కడ పలికేది చేతిలోని సాధన ఒక్కటే. ఒక్క స్థానానికి వంద మందికి పైగా పోటీపడటం మామూలే. ఒకసారి నిండిన స్థానం దశాబ్దాలపాటు ఖాళీ కాకపోవచ్చు. అందువల్ల పట్టభద్రుల్లో చాలామంది కొంత బోధన, కొన్ని కచేరీలు, కొంత రికార్డింగ్ పని కలిపి జీవనం సాగిస్తారు. రికార్డింగుల రాబడి మీద ఆశ పెట్టుకునేవారు ఒక నిబంధన గుర్తుంచుకోవాలి: గడచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకు 2024 నుంచి ఆన్‌లైన్‌లో పాటలు వినిపించే స్పాటిఫై సంస్థ రికార్డింగ్ రాయల్టీ చెల్లించడం లేదు.

ఈ పరిస్థితిలో తక్కువ రాబడి కంటే అప్పే ఎక్కువ ప్రమాదకరమని మేము భావిస్తున్నాం. న్యూయార్క్‌లోని ప్రసిద్ధ సంగీత విద్యాసంస్థ జూలియార్డ్‌లో చదువుకున్న అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్ నలభై ఏళ్ల వయసు దాకా ప్లంబింగ్ పనులు చేశారు, టాక్సీ నడిపారు. పట్టుదలకు ఉదాహరణగా చెప్పే ఈ ఉదంతంలో మాకు మరో సంగతి కనిపిస్తోంది: పూట గడవడానికి ఒక పని, మిగిలిన వేళలు సంగీతానికి. సంగీతకారుడు నిలదొక్కుకునేది ఆ మిగిలిన వేళల్లోనే. విద్యారుణం వాయిదాలు సరిగ్గా ఆ తొలి సంవత్సరాల్లోనే మొదలవుతాయి, రెండో పని వెతుక్కోమంటాయి, సాధన చేయవలసిన వేళలను మింగేస్తాయి. అప్పు తీరేసరికి చెయ్యి మొద్దుబారిపోతే ఆ పట్టా ఎందుకు?

అప్పు లేని దారులు లేకపోలేదు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాసంస్థ 1928 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. అమెరికాలోనే ఉన్న యేల్ విశ్వవిద్యాలయపు సంగీత విద్యాలయం 2005లో అందిన 10 కోట్ల డాలర్ల విరాళంతో ట్యూషన్ భారాన్ని పూర్తిగా తొలగించింది. జర్మనీలోని ప్రభుత్వ సంగీత విద్యాసంస్థల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. వీటన్నిటిలో సీట్లు కొద్ది, జీవన వ్యయం ఎలాగూ తప్పదు. అయినా సర్వశక్తులూ ఒడ్డి ప్రయత్నించవలసినవి ఇవే. అక్కడ చోటు దొరకనివారు వేరే పట్టా చదువుతూ మంచి గురువు వద్ద సాధన కొనసాగించడాన్ని ఓటమిగా చూడనక్కరలేదు. యేల్‌లో సంగీతం నేర్చిన స్వరకర్త చార్లెస్ ఐవ్స్ బీమా వ్యాపారంలో జీవించి, 1947లో సంగీతానికి పులిట్జర్ బహుమతి అందుకున్నారు.

మిగిలిన సంస్థలు చేయవలసింది స్పష్టం. పట్టా పొందిన అయిదేళ్లకు, పదేళ్లకు తమ విద్యార్థులు ఎంత సంపాదిస్తున్నారో, కేవలం సంగీతంతో బతుకుతున్నవారెందరో, ఎంత అప్పు మిగిలిందో వాద్యాల వారీగా వెల్లడించాలి. కొద్దిమంది ప్రసిద్ధుల సంపాదన సగటును పైకి లాగేస్తుంది కనుక మధ్యగతాన్ని, అంటే అందరినీ సంపాదన వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారి సంపాదనను, చెప్పాలి. ఆచూకీ తెలియని పూర్వ విద్యార్థులెందరో కూడా చెప్పాలి. ఒక్కో వాద్యానికి విద్యార్థులు కొద్దిమందే ఉంటారని, వివరాలిస్తే వ్యక్తులు బయటపడతారని సంస్థలు చెప్పే అభ్యంతరంలో కొంత నిజముంది. అయిదారు సంవత్సరాల తరగతులను కలిపి లెక్కిస్తే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. ఈ వివరాలు ప్రవేశ రుసుము కట్టించుకోవడానికి ముందే విద్యార్థి చేతికి అందాలి. అందించని సంస్థలో అప్పు చేసి చేరవద్దని కుటుంబాలను కోరుతున్నాం.