సగటన్నకు, కర్నూలు నుంచి

సగటన్నా,

బాగుండావా? నీకేం, బాగానే ఉంటావులే. కర్నూలు, అనంతపురం, కడప మూడూ జాతీయ శుద్ధగాలి కార్యక్రమం (గాలి పాడైన ఊళ్ల కోసం కేంద్రం పెట్టింది) జాబితాకెక్కినాక నీ దశ తిరిగింది. ఊరి గాలిలో దుమ్ముకు ఏడాదికి ఒక్క సగటు అంకె చాలన్నారు. ఆ ఒక్క అంకెవీ నువ్వే.

నీకూ మా సంగటికీ పేరులో ఒక సున్నా, ఒక గుడి తేడా. పనితనం మాత్రం ఒకటే. నూకలేవో, రాగిపిండేదో తెలీకుండా కట్టెతో గెలికి ముద్ద చేసి పెడతావు. సంగటికి అదే రుచి. గాలి లెక్కలో అలా గెలికితే ఎవరి దుమ్ము ఎవరు మింగారో కనబడదు.

నీ గొప్పతనం ఒక ముక్కలో చెప్తాం. పీఎం10కి, అంటే మిల్లీమీటరులో వందో వంతు, అంతకన్నా సన్నమైన దుమ్ముకు, 24 గంటల పరిమితి ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు. ఒక కూడలిలో 23 గంటలు 60 చొప్పున ఉండి, సాయంత్రం చెత్తకుప్ప అంటుకున్న ఒక్క గంట 1000కి ఎక్కిందనుకో. రోజంతటికీ నువ్విచ్చే మార్కు 99. పాస్! అక్కడే బజ్జీల బండి పెట్టుకున్నాయన ఊపిరితిత్తులకు ఆ గంటను 24తో భాగించుకోవడం రాదు, ఏం చేద్దాం.

చేత్తో నమూనా తీసే కేంద్రాల్లో నీ వైభోగం ఇంకా ఎక్కువ. వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు కొలవాలని నియమం. మిగతా 261 రోజులు గాలి ఏం చేసిందో గాలికే ఎరుక.

అక్కడ పీఎం10 కొలిచే పెద్ద మిషన్ నిమిషానికి సుమారు 1.2 ఘనమీటర్ల గాలి పీల్చి, దుమ్మును గ్లాస్ ఫైబర్ కాగితం మీద పట్టుకుంటుంది. ఎనిమిది గంటలకొక కాగితం. దుమ్ము పట్టేకొద్దీ కాగితం బిగుసుకుని గాలి తగ్గుతుంది. చివరికి 0.9కి దిగిందనుకో. మొదటి రీడింగ్ ఒక్కటే రాసుకుంటే పోయిన గాలి 576 ఘనమీటర్లు. మొదటిదీ చివరిదీ కలిపి సగం చేస్తే 504. కాగితం మీద 55 మిల్లీగ్రాములు దొరికితే మొదటి లెక్కకు ఘనమీటరుకు 95 మైక్రోగ్రాములు, రెండో లెక్కకు 109. ఇక్కడ నిన్నే వాడాలి, ఒప్పుకుంటాం. కానీ బద్ధకించి మొదటి రీడింగ్‌తో సరిపెట్టేస్తే, దుమ్ము ఎక్కువైన రోజుకే ఎక్కువ రాయితీ దొరుకుతుంది. దొంగకు తాళంచెవి ఇచ్చినట్టు.

పీఎం2.5, అంటే అందులో నాలుగో వంతు సైజు, అంతకన్నా సన్న రేణువుల సంగతి ఇంకా నాజూకు. ఆ పంపు నిమిషానికి 16.7 లీటర్లే లాగుతుంది, అంటే రోజుకు 24 ఘనమీటర్లు. పరిమితి 60 దగ్గర టెఫ్లాన్ కాగితం మీద చేరేది 1.44 మిల్లీగ్రాములు, నాలుగైదు గసగసాల బరువు. చెమట వేలితో పట్టుకుంటే ఆ లెక్క గోవిందా. చిమటాతోనే పట్టాలి. పెట్టే ముందూ తీసిన తర్వాతా ఒకే తేమలో, ఒకే వేడిలో 24 గంటలు ఉంచి తూచాలి. అంచు చిరిగి పీచు రాలితే, దుమ్ము పట్టిన కాగితం ఖాళీ కాగితం కంటే తక్కువ తూగిన వింత కూడా చూడొచ్చు.

ఇంతకీ మిషన్ ఎక్కడ పెడతారు? తాళంచెవి, కరెంటు దొరికిన మేడ మీద. గాలి పీల్చే మూతి నేల నుంచి 3 నుంచి 10 మీటర్ల ఎత్తులో ఉండాలి, చెట్టుకు 20 మీటర్ల దూరం ఉండాలి. పక్క గోడ మూతి కంటే ఎంత ఎత్తుంటే అందుకు రెట్టింపు దూరం జరగాలి. పొగగొట్టం, జనరేటర్ దగ్గర్లో ఉండకూడదు. ఇవన్నీ పాటించినా అది ఒక మేడ కథే చెప్తుంది.

తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టిన బురద రోడ్డు పక్కన ఎండితే, లారీ చక్రాలు దాన్ని పిండి చేసి లేపుతాయి. ముతక దుమ్ము కాబట్టి ఎక్కువ దూరం పోకుండానే దిగిపోతుంది. సన్న పొగ అట్లా కాదు, రోజుల తరబడి తేలుతూ జిల్లాలు దాటుతుంది. కడపకు మూడు వైపులా కొండలు. చలికాలం తెల్లవారుజామున గాలి కదలకపోతే పొగ గిన్నెలో పాలలా నిలబడుతుంది. అనంతపురంలో ఆషాఢం గాలి పొగను తరిమేసి, దున్నిన చేలల్లో మట్టిని లేపుతుంది. ఈ రెండు ఊళ్లకూ నువ్వు ఒకే 80 అని రాసి చేతులు దులుపుకుంటావు. పీఎం10లో పీఎం2.5 వాటా మూడో వంతే ఉంటే అది చాలావరకు మట్టి, మూడింట రెండు వంతులుంటే పొగ. ఒకదానికి నీళ్లు చల్లాలి, ఇంకోదానికి మంట ఆర్పాలి. నీ 80 ఏ పనికీ దారి చూపదు.

స్థానికమేదో, బయటి నుంచి వచ్చిందేదో తేల్చాలంటే మూడు చోట్ల ఒకేసారి కొలవాలి. గాలి వచ్చే వైపు ఊరి బయట పొలంలో ఒకటి, ఊళ్లో మేడ మీద ఒకటి, కూడలిలో ఒకటి. పొలంలో 30, మేడ మీద 45, కూడలిలో 80 వచ్చాయనుకో. 30 ప్రాంతమంతటిదీ, 15 ఊరిదీ, 35 ఆ రోడ్డుదీ. వానాకాలంలో నైరుతి నుంచి, చలికాలంలో ఈశాన్యం నుంచి గాలి కాబట్టి పొలం కూడా మారాలి.

చవకలో లేజర్ సెన్సర్లు పాతిక తగిలిద్దామంటారు. తగిలించండి. ముందు రెండు వారాలు అన్నిటినీ పెద్ద మిషన్ పక్కనే పెట్టి తేడా రాసుకోండి, సీజన్ మారితే మళ్లీ తెచ్చి పెట్టండి. తేమ 80 శాతం దాటితే అవి నీటి తుంపరను కూడా దుమ్మనే లెక్కిస్తాయి. ముతక దుమ్ము వాటి కంటికి సరిగా ఆనదు. వాటి తెరమీద కనబడే పీఎం10 చాలావరకు సన్న రేణువుల నుంచి కట్టిన ఊహే. మట్టిగాలి మన సీమలో అదెంత అక్కరకొస్తుందో నువ్వే చెప్పు. పాతిక సెన్సర్లకు నువ్వు సగటు కట్టినా ఏం లాభం? పాతిక గడియారాలూ పావుగంట వెనకే నడుస్తుంటే నీ సగటు కూడా పావుగంట వెనకే.

వచ్చే రిపోర్టుకు ఒంటరిగా రావద్దన్నా. మీ అన్న గరిష్ఠాన్ని, తమ్ముడు కనిష్ఠాన్ని వెంటబెట్టుకుని రా. ఎన్ని గంటలు కొలిచారో, ఎన్ని గంటలు కరెంటు పోయిందో చెప్పే చీటీ జేబులో పెట్టుకో. డెసికేటర్‌లో (తేమ లాగేసే మూతపెట్టెలో) కాగితాలకు 24 గంటలు నిండాయి, తూకానికి పోవాల.

ఇట్లు,
దుమ్ము తూచేవాళ్లం